తాడు కట్టని రోజు

రాత్రంతా ఎవరెవరు వచ్చి తలుపు తట్టారో చదవడంతో తిమ్మప్ప ఉద్యోగం రోజూ మొదలవుతుంది. ఆ రోజు కూడా టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ పనిలోనే ఉన్నాడు.

నల్లటి తెర మీద సన్నటి తెల్ల అక్షరాల వరుసలు పైకి జరుగుతున్నాయి. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉండే ముఖం లేని యంత్రాలు, ఆయన కాపలా కాసే సర్వర్ల దగ్గరికి రాత్రి పొడుగునా వచ్చి, ఒక్కో పేరు చెప్పి లోపలికి రానివ్వమని అడుగుతాయి. అడ్మిన్‌నంటాయి. గెస్టునంటాయి. ఏదీ కుదరకపోతే డేవిడ్‌నంటాయి, మరియానంటాయి. పాస్‌వర్డు తప్పని సర్వరు అందరినీ తిప్పి పంపేస్తుంది. అలా తిరిగిపోయిన పేర్లను తిమ్మప్ప, పెళ్లిలో చదివింపులు చదివేవాడంత శ్రద్ధగా చదువుతాడు. చదవమని ఎవరూ చెప్పలేదు. చదవకపోతే అడిగేవాళ్లూ లేరు. అయినా వచ్చినవాళ్ల పేరైనా తెలుసుకోకుండా తలుపు వేసుకుని కూర్చోవడం మర్యాద కాదని ఆయనకొక భావం.

కొత్తగూడ కూడలికి దగ్గర్లో, కింద బిర్యానీ హోటలు, దాని పైన కళ్లజోళ్ల దుకాణం ఉన్న భవనంలో మూడో అంతస్తు వాళ్ల ఆఫీసు. ఇతరుల సర్వర్లను చూసిపెట్టడం ఆ చిన్న కంపెనీ పని. తిమ్మప్పది మూలబల్ల. యాభై ఏడేళ్ల మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు, ఎవరో మెల్లగా చెబుతున్నది వింటున్నట్టు. ఏసీ పడక మెడకు మఫ్లరు. టైపు చేసేది మూడు వేళ్లతోనే గానీ, ఆ వేళ్లు చూడకుండానే దారి వెతుక్కుంటాయి. పొట్టి చేతుల చొక్కాకు భుజం నుంచి కిందిదాకా ఇస్త్రీ మడత కత్తివాదరలా ఉండేది. కొన్నాళ్లుగా అది లేదు. ఆఫీసులో గమనించినవాళ్లు ఉన్నారు. ఎవరూ పైకి అనలేదు.

"ఏంది తిమ్మప్పా, రాత్రి ఎంతమంది దొంగలొచ్చిండ్రు?" అంటూ మహేందర్ తన టీ గ్లాసుతో వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ఆ భవనంలో కరెంటు, జనరేటరు, లిఫ్టు చూసుకునే మనిషి. జనగామ వైపువాడు. రోజూ ఇదే ప్రశ్న.

"మామూలుగనే వచ్చినారప్పా."

"ఒక్కన్నన్న పట్టినవా?"

"పట్టుకునేదానికి వాళ్లకు చేతులుంటే గదా."

"గంతే మరి. చేతుల్లేని దొంగలకు నీ అసుంటి కావలోడు." మహేందర్ నవ్వాడు. నవ్వు పూర్తికాకముందే గొంతు తగ్గించాడు. "వదినె ఎట్లున్నది?"

తిమ్మప్ప తెర మీద వరుసలను ఆపాడు.

"మాపుకు గొంతులో పైపు ఏస్తారంట. ఏస్తే ఇంగ మాట్లాడేదానికి ఉండదంట. ఐదుకు నన్ను లోపలికి పంపుతారు. ఆరుకు ఏస్తారు."

"మల్ల తీస్తరు గద?"

"తీస్తే తీస్తారు."

మహేందర్ మిగిలిన టీ తాగకుండానే గ్లాసు పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

జయమ్మ గుండె సాగిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఒక చిన్న డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి, వాడి వాడి వదులైపోయిన రబ్బరు బ్యాండును చూపించినట్టు చూపించింది. ఆ పొద్దున తిమ్మప్పను ఐసీయూలోకి పంపినప్పుడు జయమ్మ మూడు దిండ్లకు చేరగిలబడి ఉంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ముక్కు మీది మాస్కును ఒక వేలితో పైకెత్తి పట్టుకుని మాట్లాడింది.

"ఏమయ్యా, మాపుకు వస్తావు గదా?"

"రాకుండా యాడికి పోతా?"

"నీకొక మాట చెప్పల్ల."

"ఇప్పుడే చెప్పు మే."

ఆమె పక్క మంచం వైపు, సెలైన్ సీసా మారుస్తున్న నర్సు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. "మాపుకు ఈ మంచం చుట్టూరా పరదా లాగుతారంట. ఆయమ్మ చెప్పింది. అప్పుడు చెప్తా. జల్ది రా."

ముప్పై ఏళ్ల కాపురంలో జయమ్మ ఏ మాటనూ పూటదాకా దాచిన మనిషి కాదు. కుట్టుమిషను తొక్కుతూ, దారం కొరుకుతూ, అన్నం వడ్డిస్తూ, మనసులోకి వచ్చింది వచ్చినట్టే అనేసేది. పక్కింటివాళ్ల జాకెట్టు కొలతలు, వాళ్ల సంసారాల కొలతలు, అన్నీ. పిల్లలు లేని ఇంట్లో ఆ మాటలే ఇల్లంతా తిరిగేవి. అలాంటిది ఒక్క మాటను సాయంత్రానికని మూట కట్టి పెట్టుకుంది. ఆ మూటలో ఏముందో అని తిమ్మప్ప పొద్దుట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఏదైనా కావచ్చు. ఏదైనా సరే, ఐదు గంటలకు తాను అక్కడ ఉండాలి. ఆసుపత్రి కొండాపూర్‌లోనే. ఇక్కణ్ణుంచి పది నిమిషాల దూరం. నాలుగున్నరకే బయల్దేరుతానని నవ్యకు ముందే చెప్పాడు.

నవ్య వాళ్ల జట్టుకు పెద్ద. ప్రొద్దుటూరు పిల్ల. వయసులో ఆయనకు కూతురంత. "ఈరోజు సెలవు పెట్టుకోండి సార్" అని ఆమె అంది. అక్కడ కుర్చీలో కూర్చుని తలుపు వైపు చూస్తుండటం కంటే ఇక్కడ పని చేసుకోవడమే నయమని ఆయన అన్నాడు. నవ్య తన డబ్బాలోంచి చపాతీలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. తిమ్మప్ప అందులో ఒకటి తిన్నాడు.

మధ్యాహ్నం చేయాల్సిన పని కొత్తదేమీ కాదు. నగరంలో ఏ రక్తనిధిలో ఏ గ్రూపు రక్తం ఉందో చెప్పే సర్వరు ఒకటి వాళ్ల సంరక్షణలో ఉంది. ఆసుపత్రులవాళ్లు అడిగితే అది వెతికి చెబుతుంది. ఆ యంత్రం కోకాపేటలో ఒక డేటా సెంటరులో ఉంటుంది. తిమ్మప్ప తన బల్ల దగ్గరే కూర్చుని, తీగ వెంట అంత దూరం వెళ్లి దాన్ని సర్దుతాడు. తనిఖీకి వచ్చినవాళ్లు దాని తలుపులు మరీ బార్లా తెరిచి ఉన్నాయనీ, పాత నియమాలు తీసేసి కొత్తవి పెట్టమనీ రాశారు. ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని సర్వరుకు చెప్పే ఆ నియమాలనే ఫైర్‌వాల్ అంటారు.

ఆ మాటను జయమ్మకు ఆయన వివరించింది బాలానగర్‌లో ఉన్న రోజుల్లో. అనంతపురంలో బీయస్సీ చదివి వచ్చి, మోటార్లు చేసే ఒక ఫ్యాక్టరీలో స్టోరు గుమాస్తాగా చేరాడు. ఆ స్టోరు మూలన ఎవరికీ నడపడం రాని కంప్యూటరొకటి పడి ఉండేది. అందులో ఉన్నది లైనక్సు అనే సాఫ్ట్‌వేరు. లావుపాటి పుస్తకం ఒకటి పాతది సంపాదించి, ఆదివారాలు జయమ్మ మిషను పక్కన కూర్చుని పైకి చదువుకునేవాడు. "చదివితే చదివినావు గానీ దాని అర్థం కూడా చెప్పు, నాకు పొద్దు పోతుంది" అనేది ఆమె. ఫైర్‌వాల్ గురించి అంతా విని, జాకెట్టుకు హుక్కులు కుడుతూ తేల్చేసింది. "అంటే వాకిట్లో మంచమేసుకుని కూర్చున్న ముసలవ్వ. ఎవరప్పా నువ్వు, ఎవరింటికి, ఏం పని అని అడగకుండా లోపలికి పోనీదు. దీనికి ఇంత లావు బుక్కా!" తర్వాత ఎన్నో శిక్షణలకు వెళ్లాడు, ఎందరో చెప్పగా విన్నాడు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఈ పనిలో ఒక చిక్కుంది. దూరం నుంచి తలుపులు మూసేవాడు ఒక్క వరుస ముందూ వెనకా చేస్తే, తనను తానే బయట పెట్టుకుని తలుపు వేసేస్తాడు. లోపల గడియ తీసేవాళ్లెవరూ ఉండరు. అందుకని అనుభవమున్నవాళ్లు పని మొదలుపెట్టేముందు యంత్రానికి ఒక మాట అప్పగించి ఉంచుతారు. పది నిమిషాల్లో నేను తిరిగొచ్చి వద్దని చెప్పకపోతే, పాత నియమాలన్నీ నువ్వే మళ్లీ పెట్టెయ్ అని. పొరపాటు జరిగినా పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంటే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

తిమ్మప్ప దీన్ని తాడు కట్టడం అంటాడు. ఆయన తండ్రి మడకశిర వైపు బావులు తవ్వే ముఠాలో పనిచేశాడు. నడుముకు తాడు కట్టకుండా ఎవరినీ బావిలోకి దిగనిచ్చేవాడు కాదట, జారిపడ్డ చెంబు తీయడానికైనా సరే. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ తిమ్మప్ప నేర్పే మొదటి పాఠం అదే. మొదట నవ్వుకునేవాళ్లు. తర్వాత వాళ్లే ఒకళ్లనొకళ్లు "తాడు కట్టినావా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియనివాళ్లు కూడా.

రక్తనిధి సర్వరు తెరుచుకుంది. తిమ్మప్ప మఫ్లరు సర్దుకుని, తాడు కట్టే వరుస టైపు చేయడానికి వేళ్లు మీటల మీద పెట్టాడు. అప్పుడే ఫోను మోగింది. ఆసుపత్రి.

"జయమ్మగారి అటెండరేనా? పేషెంటుకు ఏవైనా మందులు పడవా అండి? ఫైల్లో ఖాళీగా ఉంది."

"సల్ఫా మాత్రలు పడవు తల్లీ," అన్నాడు. "ఒకసారి ఏసుకుంటే ముఖమంతా వాచిపోయింది."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదు. ఇప్పుడెట్లుంది?"

"అలాగే ఉన్నారండి. సాయంత్రం డాక్టరుగారు మాట్లాడతారు."

ఫోను పెట్టేశాక ఆయన కాసేపు తెర వైపే చూశాడు. కనబడింది మాత్రం తెర కాదు. బాలానగర్ గదిలో, వాచిన ముఖంతో, కళ్లు చిన్న గీతలైపోయి, అద్దంలో తనను తాను చూసుకుని పడీపడీ నవ్విన జయమ్మ. "చూడు, చైనా బొమ్మ మాదిరి ఉండా!" అన్న గొంతు.

వేళ్లు పని మొదలుపెట్టాయి. పాత నియమాలు తీసేశాయి. తర్వాత, ఎవరినీ రానివ్వొద్దు అన్న వరుస. తర్వాత, మా ఆఫీసును మాత్రం రానివ్వు అన్న వరుస. రెండోది ముందు రావాలి. ఇన్నేళ్లుగా ముందే వచ్చింది. ఆ రోజు రాలేదు.

ఎంటర్ నొక్కాడు. తెర నిలిచిపోయింది. చివరి అక్షరం పక్కన చిన్న గీత కొట్టుకోవడం కూడా మానేసింది.

తిమ్మప్ప కంగారు పడలేదు. తాడుంది గదా అనుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి ఆగాడు. పది నిమిషాలు గడిచాయి. తలుపు తెరుచుకోలేదు. ఇంకాస్త ఆగాడు. అప్పుడు గుర్తుకొచ్చింది, ఫోను మోగినప్పుడు వేళ్లు మీటల మీద పెట్టాడే గానీ ఒక్క అక్షరమూ కొట్టలేదని.

నవ్య బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఏమైంది సార్? ఆసుపత్రి నుంచి ఏమైనా...?"

"గాదమ్మా. రక్తనిధి సర్వరు. నన్ను నేనే బయటేసుకుంటి."

"తాడు?"

"కట్టలేదమ్మా. కట్టినా అనుకొంటి."

నవ్య నవ్వలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. అది ఆయన తర్వాత తలుచుకున్నాడు. కుర్చీ జరిపి కూర్చోమంది. ఇద్దరూ ఉన్న దారులన్నీ చూశారు. దూరం నుంచి యంత్రం తెరను చూపించే చిన్న కార్డు వానాకాలంలో చెడిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. ఆపి మళ్లీ లేపిద్దామంటే, అంత పాత యంత్రం ఒకసారి ఆగితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం ఇద్దరికీ లేదు. మనిషి వెళ్లి యంత్రం ముందు కూర్చోవాల్సిందే. ఆ గదిలోకి వెళ్లడానికి వేలిముద్ర ఇచ్చినవాళ్లు ఇద్దరే. ఒకడు హేమంత్, ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. రెండోది తిమ్మప్ప. నవ్య పేరు పంపారు, అటునుంచి ఆమోదం రాలేదు. ఎక్కువమందికి తాళాలు ఇవ్వొద్దని పట్టుబట్టింది కూడా తిమ్మప్పే.

"సార్, మీరు ఆసుపత్రికి పోండి," అంది నవ్య. "రేపు పొద్దున దాకా పనిచేయదని నేను అందరికీ చెప్పుకుంటాను. తిడితే నన్ను తిడతారు."

ఆమె మాట పూర్తికాకముందే బల్ల మీది ఫోను మోగింది. నవ్య విని, "చూస్తున్నామండి" అని పెట్టేసింది. ఎవరని తిమ్మప్ప అడిగాడు. ఆమె చెప్పడానికి ఇష్టపడలేదు. మళ్లీ అడిగాడు.

"పటాన్‌చెరు వైపు ఏదో నర్సింగ్ హోమ్ సార్. కాన్పు కేసట. నెగటివ్ గ్రూపు. ఎక్కడుందో తెలియక ఒక్కో బ్లడ్ బ్యాంకుకూ ఫోన్లు చేసుకుంటున్నారు."

తిమ్మప్ప గోడ గడియారం చూశాడు. మూడు కావస్తోంది. పోను అరగంట, పని పావుగంట, రాను అరగంట. ఐదుకు ముందే కొండాపూర్‌లో ఉండొచ్చు. లెక్క సరిపోయింది. ఆయన బతుకులో లెక్కలన్నీ అంతే, కాగితం మీద ఎప్పుడూ సరిపోయేవి.

"పోయొస్తానమ్మా," అన్నాడు.

మహేందర్ బండి తీశాడు. అడగకముందే తీశాడు. గచ్చిబౌలి దాటారు. ఎండలో అద్దాల భవనాలు ఒకదాని నీడ ఒకటి మీదేసుకుని నిలబడి ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మహేందర్ వెనక్కి తిరిగాడు.

"గిన్నేండ్లు పనిజేసినవ్, ఒక్కనాడన్న తప్పుజేసినవా తిమ్మప్పా?"

"ఈ తప్పు చేయలేదప్పా."

"మరి ఒక్కపారికి గింత పరేషానెందుకు? దేవుడు గుడ తప్పుజేస్తడు. గా నీ ఎత్తు జూడు, ఇంకో జానెడు వెయ్యాల్సిండె."

తిమ్మప్ప నవ్వాడు. నవ్వగలిగినందుకు ఆ స్నేహితుడి వీపు మీద ఒకసారి చెయ్యి వేశాడు.

డేటా సెంటరు గేటు దగ్గర వేలిముద్ర యంత్రం ఆయన వేలిని గుర్తించలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ వద్దంది. ఆసుపత్రిలో లోపలికి పోయిన ప్రతిసారీ చేతులకు రాసే మందుతో వేలి చివర్లు పొడిబారి, పగిలి, గీతలు అరిగిపోయి ఉన్నాయి. వెనక్కి పంపడానికి నియమం ఉంది. కాపలాదారు పెంటయ్య ఆయన్ని ఏళ్లుగా ఎరుగును. కుర్చీలోంచి లేచి వచ్చి ఆ వేళ్లు చూశాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. ఏలు జర నుదుటికి రుద్దుండ్రి. నూనె తగుల్తది, పడ్తది."

తిమ్మప్ప వేలిని నుదుటికేసి రుద్దుకుని, పూజారి విభూతి పెట్టినంత మెల్లగా యంత్రం మీద పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది.

"సూసినవా! గా మిషనుకు గుడ జిడ్డు మొకమే ఇష్టం." పెంటయ్య ఫోను తీసుకుని లాకర్లో పెట్టాడు. లోపలికి ఫోన్లు పోకూడదు. "చలి ఎక్కువున్నది ఇయ్యాల," అని తన కుర్చీ మీద వేసి ఉన్న ఖాకీ స్వెట్టరు ఇచ్చాడు.

లోపల ఇనుప బీరువాల వరుసలు, వాటిలో వేల దీపాలు, వాటన్నిటి ఫ్యాన్లూ కలిసి ఆగని వానలాంటి శబ్దం. తిమ్మప్ప తెర, కీబోర్డు ఉన్న చక్రాల బల్లను తోసుకుంటూ వెళ్లి, బీరువా తలుపు తీసి, తీగలు తగిలించాడు. ఎప్పుడో కొన్న యంత్రం. ముందు పలక మీద గీతలు. అది తన పాటికి తాను పనిచేస్తూనే ఉంది, ఎవరూ అడగనిదాన్ని దాచుకుని.

చలికి వేళ్లు వంగలేదు. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి లోపలికి వెళ్లాడు. ఇప్పుడు యంత్రం ముందే ఉన్నాడు కాబట్టి తాడు అవసరం లేదు. అయినా మొదటి వరుసగా అదే కొట్టాడు. తర్వాత ఒక్కొక్క నియమాన్నీ పెదవులు కదుపుతూ చదివి మరీ రాశాడు. ఆఫీసును రానివ్వు. రక్తనిధులను రానివ్వు. ఆసుపత్రులను రానివ్వు. ఇంకెవరినీ రానివ్వొద్దు. గోడకున్న ఫోన్లోంచి నవ్యకు చేశాడు.

"వచ్చింది సార్, వచ్చింది!" నవ్య గొంతు ఆ వాన శబ్దంలోంచి చిన్నగా వినబడింది. "కాన్పు ఆమెకు కూడా దొరికింది సార్, కూకట్‌పల్లిలో ఉందట. ఇంకా నాలుగున్నరే. మీరు పోండి సార్, పోండి."

నాలుగున్నర. తిమ్మప్పకు ఆ రోజు మొదటిసారి గుండె తేలికైంది. తాడు విప్పి, బీరువా మూసి, స్వెట్టరు మడిచి పెంటయ్య చేతికిచ్చాడు. ఫోను తీసుకున్నాడు.

ఆసుపత్రి నంబరు. చాలాసార్లు. మొదటిది నాలుగుకు కాస్త ముందు. తర్వాత వెంటవెంటనే. చివరిది నాలుగుంబావుకు. దానికే ఆయనకు భయం వేసింది. పిలవడం మానేశారు.

బొటనవేలు ఆ నంబరు మీదికి వెళ్లి ఆగింది. తిరిగి చేస్తే తెలిసిపోతుంది. చేయకపోతే ఇక్కణ్ణుంచి కొండాపూర్ దాకా, ఆ దారి పొడుగునా, జయమ్మ దిండ్లకు చేరగిలబడి, మాస్కు ఒక వేలితో ఎత్తి పట్టుకుని, తలుపు వైపు చూస్తూనే ఉంటుంది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"అయిందా?" అన్నాడు మహేందర్ బండి మీద కూర్చునే.

"అయిందప్పా. పోదాం."

దారిలో జేబులో ఫోను మళ్లీ మోగింది. బండి చప్పుడులో కూడా మహేందర్‌కు వినబడింది.

"ఫోన్ మోగుతున్నది గదనే."

"మోగనీ."

మహేందర్ అద్దంలోంచి ఆయన ముఖం చూశాడు. వేగం కాస్త తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో ఇద్దరికీ తెలుసు.

ఐసీయూ తలుపుల పక్కన, గోడకు వీపు ఆనించి, నేల మీద మల్లమ్మ కూర్చుని ఉంది. ఆ వార్డులో ఆయా. ఆమె షిఫ్టు అప్పటికే అయిపోయింది. యూనిఫాం మార్చుకుని, తన చీరలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. తిమ్మప్పను చూడగానే లేచి నిలబడింది. ఏం చెప్పాల్సిన పనీ లేకపోయింది.

"నువ్వొస్తవని కూసున్న సార్," అంది.

"ఎప్పుడమ్మా?"

"నాలుగు దాటినంక. ఒక్కపారిగ ఊపిరందలె. డాక్టర్లు శాన కొట్లాడిండ్రు."

తిమ్మప్ప తలూపాడు. మఫ్లరు ఒక కొస పట్టుకుని దాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"నన్ను అడిగిందా?"

"అడిగింది."

"తిట్టిందా?"

"అయ్యో, తిట్టలె సార్. ఆయన రాకుండ ఉండే మనిషి గాదు, యాడ్నో ఇరుక్కున్నడు అన్నది." మల్లమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏమన్న చెప్పాల్నా అక్కా, నాకు చెప్పు, సార్‌కు నేను చెప్త అన్న. తలకాయ అడ్డంగ ఊపింది. ఆయనకే చెప్త అన్నది. గంతే."

"అంతేనా?"

"గంతే సార్. నేను పక్కకే ఉన్న. ఆఖరిదాంక చెయ్యి ఇడువలె. ఒక్కతే లేదు సార్."

తిమ్మప్ప మల్లమ్మ చేతుల వైపు చూశాడు. ఫినాయిల్‌కు తెల్లగా పాలిపోయిన, గోళ్లు అరిగిన చేతులు. వాటికి దణ్ణం పెట్టాడు. ఆమె కంగారుపడి వెనక్కి జరిగింది.

లోపల మంచం చుట్టూ నీలం పరదా లాగి ఉంది, సాయంత్రానికి లాగుతామన్నట్టే. దాన్ని కాస్త తొలగించుకుని లోపలికి వెళ్లి మళ్లీ మూశాడు. మాస్కు తీసేశారు. ముక్కు మీద దాని అచ్చు ఎర్రగా ఇంకా ఉంది. తల దువ్వి ఉంది, అది మల్లమ్మ పనే అయి ఉంటుంది. దిండ్లు తీసేయడంతో జయమ్మ ఎన్నో రోజుల తర్వాత వెల్లకిలా, హాయిగా పడుకుంది. తిమ్మప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె ముఖం దగ్గరికి వంగాడు, మెల్లగా చెప్పేది వినేవాడిలా. చాలాసేపు అలాగే ఉన్నాడు. చివరికి తనే అన్నాడు.

"చెప్పు మే. వచ్చినా."

పరదా అవతల ఎవరిదో యంత్రం ఆగకుండా మోగుతోంది.

మల్లమ్మ పరదా సందులోంచి చెయ్యి లోపలికి చాచి, మంచం తలాపున ఉన్న స్టీలు బల్లను చూపించింది. "పగటీలి సంత్రపండు ఒల్చియ్యమన్నది సార్. రెండు తొనలు తిన్నది. తక్కినయి నీకని పెట్టింది. ఆయన పొద్దుగాల్నుంచి ఏం తినకుంటనే వస్తడు అన్నది."

ఒక కాగితం రుమాలు మీద తొనలు వరసగా పేర్చి ఉన్నాయి. కమలాపండుకు పీచు ఉంటే తిమ్మప్ప తినడు, చిన్నప్పటి నుంచీ అంతే. సూది గుచ్చి ప్లాస్టరు వేసిన చేత్తో, ఊపిరికి ఊపిరికి మధ్య, జయమ్మ ఒక్కో తొన మీది తెల్లటి పీచునంతా ఒలిచి ఒక పక్కన చిన్న కుప్పగా పెట్టింది. చివరి తొన మీద మాత్రం పీచు సగం దాకా లేచి, అక్కడే ఆగి ఉంది.